మార్కులు తగ్గినా ఫర్వాలేదు: ఆనర్స్‌లో చేరేవాళ్లకు కొన్ని తలకిందుల సలహాలు

బీటెక్ రెండో ఏడాది పూర్తవుతుండగా కాలేజీ నోటీసు బోర్డు మీద ఒక కాగితం పడుతుంది. సీజీపీఏ ఫలానా అంకె దాటినవాళ్లు, బ్యాక్‌లాగులు లేనివాళ్లు ఆనర్స్‌కు పేర్లు ఇచ్చుకోవచ్చని దాని సారాంశం. నాలుగేళ్ల డిగ్రీ చదివేవాళ్లకు ఈ కబురు మూడో ఏడాది చివర్లో అందుతుంది. ఆ సాయంత్రం నుంచే సలహాలు మొదలవుతాయి. ‘అందరికీ వచ్చే అవకాశమా, కళ్లు మూసుకుని చేరిపో’ అని ఇంట్లో. ‘ఈజీ సబ్జెక్టులేవో చూసి పెట్టేసుకో’ అని హాస్టల్లో సీనియర్లు. ‘ఒక పేపర్ కూడా వేయించేస్తే రెజ్యూమె అదిరిపోతుంది’ అని పక్క బెంచీవాడు.

వీళ్లలో ఎవరూ చెడు కోరి చెప్పరు. కాకపోతే అందరి మనసులోనూ ఆనర్స్ అంటే బాగా చదివే పిల్లలకు దక్కే బిరుదు, పట్టా మీద అదనంగా పడే ఒక మాట. బిరుదు కోసం చేరినవాళ్లు బిరుదుతోనే బయటికొస్తారు. ఏళ్ల తరబడి పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు చదువుతున్న నాకు ఇది బాధ కలిగించే విషయం. పుస్తకం చివర జవాబు లేని ప్రశ్నతో ఒకటి రెండేళ్లు కుస్తీ పట్టడానికి, ఆ కుస్తీని ఒక గురువు దగ్గరుండి చూడటానికి మన చదువుల్లో దొరికే వీలు ఇదొక్కటే. దాన్ని వాడుకోవాలంటే ఇంటర్ రోజుల నుంచి ఒంటబట్టిన అలవాట్లు కొన్ని వదులుకోవాలి. కింద చెప్పేవి పెద్దలకు తప్పుడు సలహాల్లా కనిపించేది అందుకే. ప్రతిదానికీ కారణం చెబుతాను, చదివి మీరే తేల్చుకోండి.

1. అర్హత వచ్చింది కదా అని చేరకండి

ముందు లెక్క చూద్దాం. ఏఐసీటీఈ 2018లో ఇచ్చిన నమూనా పాఠ్య ప్రణాళికలో బీటెక్‌కు 160 క్రెడిట్లు. ఆనర్స్ కావాలంటే దాని మీద మరో 20 క్రెడిట్లు చదవాలి. వర్సిటీని బట్టి ఈ అంకె కాస్త అటూ ఇటూ ఉంటుంది. వారానికి ఒక గంట పాఠం చొప్పున ఒక సెమిస్టర్ నడిస్తే ఒక క్రెడిట్. అంటే 20 క్రెడిట్లను నాలుగు సెమిస్టర్లకు పంచితే వారానికి ఐదు గంటలు క్లాసులోనే కూర్చోవాలి. ఇంటి దగ్గర చదువుకునేది వేరే. మామూలు టైమ్‌టేబుల్‌లో ఈ గంటలకు చోటుండదు కాబట్టి సాయంత్రాలకో శనివారాలకో పోతాయి. నాలుగో ఏడాదికి వచ్చేసరికి ఇవే గంటలు ప్లేస్‌మెంట్ పరీక్షలతో ఢీకొంటాయి.

డిగ్రీవాళ్ల సంగతి ఇంకో రకం. యూజీసీ 2022 డిసెంబరులో ప్రకటించిన విధానంలో మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు, నాలుగేళ్ల ఆనర్స్‌కు 160. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం, ఆపైన తెచ్చుకున్నవాళ్లు నాలుగో ఏట పరిశోధన ఎంచుకోవచ్చు. దానికి 12 క్రెడిట్ల ప్రాజెక్టు చేయాలి. పరిశోధన వద్దనుకుంటే ఆ 12 క్రెడిట్లకు మూడు కోర్సులు చదివి ఉత్త ఆనర్స్ తీసుకోవచ్చు. పరిశోధన మీద మనసు లేకపోయినా శాతం ఉంది కదా అని మొదటి దారి పట్టేవాళ్లు ఏడాదంతా నలుగుతారు.

కాబట్టి ఒకటే ప్రశ్న వేసుకోండి. మార్కులు, సర్టిఫికెట్ ఏవీ రావని చెప్పినా ఈ సబ్జెక్టు పుస్తకాన్ని వారానికి ఐదు గంటలు ముందేసుకుంటారా? అవునంటే చేరండి. కాదంటే 9.5 సీజీపీఏ ఉన్నా చేరకండి. వేరే శాఖలో మైనర్ చేయండి, సంగీతం నేర్చుకోండి, ఊరికి వెళ్లి రండి. వచ్చిన అర్హతను వాడుకోకపోతే పాపమేమీ చుట్టుకోదు.

2. మార్కులు తగ్గే కోర్సే తీసుకోండి

మన పిల్లలు ఈ సలహాకే ఎక్కువ జడుస్తారు. ఈఏపీసెట్‌లో ఒక్క మార్కుకు ఎన్ని ర్యాంకులు ఎగిరిపోతాయో చూసి వచ్చినవాళ్లు మరి. మార్కు పోవడమంటే ఒంట్లో నెత్తురు పోయినట్టే ఉంటుంది.

భయం పక్కన పెట్టి లెక్క చేసి చూడండి. నాలుగు క్రెడిట్ల కోర్సులో పదికి పది గ్రేడ్ పాయింట్లు రావాల్సినచోట ఏడే వచ్చాయనుకుందాం. పోయినవి మూడు నాలుగులు పన్నెండు. దాన్ని 160తో భాగిస్తే 0.075. తొమ్మిదిన్నర ఉన్న సీజీపీఏ తొమ్మిదిన్నరకు ఓ వెంట్రుకవాసి కిందికి దిగుతుంది, అంతే. ఏ కంపెనీ తలుపూ ఆ తేడాకు మూసుకోదు. ఆనర్స్‌లో కొనసాగడానికి మీ వర్సిటీ పెట్టిన కనీస అంకెకు మీరెంత దూరంలో ఉన్నారో మాత్రం ముందే చూసుకోండి. అంచు మీద ఉంటే ఒక కష్టమైన కోర్సు చాలు, ఎడంగా ఉంటే రెండు తీసుకోండి.

ఇంత చెప్పడానికి కారణం ఉంది. ఆనర్స్‌కు వచ్చేవాళ్లలో చాలామంది ఏ క్లాసులోనూ వెనకబడి ఎరుగరు. అర్థం కాని పేజీ ముందు గంటసేపు కూర్చోవడం, మర్నాడు మళ్లీ అదే పేజీ తీయడం వాళ్లకు అలవాటు లేదు. పరిశోధన పొడుగునా ఉండేది ఆ పనే. దాన్ని పాతికేళ్ల వయసు దాటాక పీహెచ్‌డీలో మొదటిసారి ఎదుర్కొంటే మనిషి కుదేలవుతాడు. ఇరవయ్యో ఏట ఒక కోర్సులో ఎదుర్కొంటే రాటుదేలతాడు.

ఆన్‌లైన్ కోర్సుల విషయంలోనూ ఇదే మాట. చాలా కాలేజీల్లో ఆనర్స్ క్రెడిట్లు కొన్ని ఎన్‌పీటీఈఎల్ కోర్సుల ద్వారా తెచ్చుకోవచ్చు. అందులో అసైన్‌మెంట్లకు 25 శాతం, హాల్లో కూర్చుని రాసే పరీక్షకు 75 శాతం. వారం వారం జవాబులు వాట్సాప్ గ్రూపులో దొరుకుతాయి కాబట్టి ఆ 25 చాలామందికి ఉచితంగా వచ్చి పడతాయి. మీరు వాటిని ముట్టుకోకండి. తప్పు జవాబు మీరే పెట్టండి, ఎందుకు తప్పయిందో వీడియో వెనక్కి తిప్పి చూడండి. 25లో 18 వచ్చినా మీకు మిగిలేది ఎక్కువ.

3. పేరున్న గైడు కోసం క్యూ కట్టకండి

శాఖలో అందరికంటే పేరున్న ప్రొఫెసర్ దగ్గర చేరాలని అందరికీ ఉంటుంది. ఆయన కింద పీహెచ్‌డీవాళ్లు ఉంటారు, కమిటీలు ఉంటాయి, వారంలో రెండు రోజులు ఢిల్లీలో ఉంటారు. మీ వంతు వచ్చేసరికి సెమిస్టర్ అయిపోతుంది. మీకు కావలసింది మీరు రాసింది చదివే మనిషి. నిన్నగాక మొన్న చేరిన అసిస్టెంట్ ప్రొఫెసరైనా సరే, కూర్చుని చదివితే ఆయనే మీ గైడు.

తెలుసుకునే మార్గం సులువు. మీకు ఆసక్తి ఉన్న విషయం మీద రెండు పేజీలు రాసి ఇవ్వండి. ఎన్ని రోజులకు తిరిగొచ్చింది, ఎన్నిచోట్ల పెన్సిల్ గీతలున్నాయి చూడండి. గీత ఒక్కటీ లేకుండా ‘వెరీ గుడ్’ అని వచ్చిందంటే మరొకరిని వెతుక్కోండి. పేజీ నిండా గీతలుండి, అంచున ‘ఇది నీకెలా తెలుసు?’ అని రాసి ఉంటే ఆ గదిని వదలకండి. నిరుటి విద్యార్థులను కూడా కలవండి. మార్కులెన్ని వేశారని అడగొద్దు, నెలకు ఎన్నిసార్లు కూర్చోబెట్టి మాట్లాడారని అడగండి.

హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో ఆనర్స్ తీసుకున్నవాళ్లు ఏదో ఒక పరిశోధన కేంద్రంలో చేరి పనిచేస్తారు. అంటే కోర్సుల జాబితా కంటే ముందే ఎవరి మధ్య పనిచేస్తామన్నది తేలుతుంది. మీ కాలేజీలో అలాంటి కేంద్రాలు లేకపోయినా ఎంపిక ఆ వరుసలోనే జరగాలి. ముందు మనిషి, ఆ తర్వాతే టాపిక్.

4. దేశాన్ని ఉద్ధరించే టాపిక్ వద్దు

‘కృత్రిమ మేధతో పంట తెగుళ్ల గుర్తింపు’ అనే ప్రాజెక్టు మన ఇంజినీరింగ్ కాలేజీల్లో ప్రతి ఏడాదీ కనిపిస్తుంది. ఇంటర్నెట్‌లో దొరికే ఆకుల ఫొటోలు తెచ్చి, దొరికే ప్రోగ్రాము నడిపి, 99 శాతం వచ్చిందని చివరి స్లైడులో చూపిస్తారు. చప్పట్లు కొడతారు. మన మిరప రైతుకు అందులో ఒక్క ఆకు పనికిరాదు.

ఆ 99 కథ తెలుసుకోవాలి. ప్లాంట్‌విలేజ్ అనే ఆకు ఫొటోల భాండాగారంతో 2016లో ఒక పరిశోధన పత్రం వచ్చింది. 14 పంటలు, 26 తెగుళ్లు, 54,306 ఫొటోలు. ఆ ఫొటోల్లోనే కొన్నింటిని పక్కన పెట్టి పరీక్షిస్తే 99.35 శాతం సరైన జవాబు వచ్చింది. బయటి నుంచి, వేరే పరిస్థితుల్లో తీసిన ఫొటోలు చూపిస్తే అదే ప్రోగ్రాము 31.4 శాతానికి దిగింది. ఈ రెండో అంకెను దాచకుండా వాళ్లే రాశారు, వాళ్లను మెచ్చుకోవాల్సింది అందుకే. ఆ ఫొటోలు ఆకును తెంపి సాదా నేపథ్యం మీద పెట్టి తీసినవి. ఆ 14 పంటల్లో బెంగళూరు మిరప ఉంది గానీ గుంటూరు మిరప లేదు.

ఇప్పుడు టాపిక్‌ను చిన్నది చేయండి. మిరపలో తామర పురుగు పడితే ఆకు పైకి ముడుచుకుంటుంది, నల్లి పడితే కిందికి ముడుచుకుంటుంది. రైతులు పై ముడత, కింది ముడత అంటారు. రెంటికీ కొట్టే మందులు వేరు. ‘చేతిలో ఉన్న మామూలు ఫోనుతో, చెట్టు మీదే ఉన్న ఆకును, ఉదయం ఎనిమిదింటికీ మధ్యాహ్నం ఒంటిగంటకూ ఫొటో తీస్తే ఈ రెండు ముడతల్నీ ప్రోగ్రాము వేరు చేయగలదా?’ ఇది ఒక ఏడాదిలో తేలే ప్రశ్న. ఒక చేను, ఒక ఫోను, ఆకు తిరగేసి చూపించే ఒక రైతు చాలు. మధ్యాహ్నం ఎండకు ఆకు మెరిసి ఫొటోలు పాడయ్యాయని తేలినా అది మీరు కనుక్కున్న సంగతే. చిన్న ప్రశ్నకు నికరమైన జవాబు చెప్పగలిగినవాడికి పెద్ద ప్రశ్న రేపు అప్పజెబుతారు.

5. గురువుకు జవాబు తెలియని ప్రశ్న అడగండి

‘సార్‌ను ఇరకాటంలో పెట్టకు’ అని మనకు చిన్నప్పుడే నేర్పుతారు. ఆ మర్యాద స్కూల్లో సరే. ఆనర్స్ క్లాసులో మాత్రం వినయంగానే, చేయెత్తే, సార్‌కు తెలియనిది అడగాలి.

స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారి పేరు విని ఉంటారు. ఆంధ్రా యూనివర్సిటీలో గణితం చదివి, 1941లో కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. 1943-44 ప్రాంతంలో కలకత్తా విశ్వవిద్యాలయంలో ఎం.ఎ. విద్యార్థులకు పాఠం చెబుతున్నారు. ఆయనకూ అప్పటికి పాతికేళ్లు నిండలేదు. శాంపిల్ చాలా పెద్దదైనప్పుడు వర్తించే ఫిషర్ ఫలితం ఒకటి వివరిస్తుంటే ఒక విద్యార్థి లేచి, శాంపిల్ చిన్నదైతే ఇలాంటిది నిరూపించలేమా అని అడిగాడు. రావు గారు ఆ రాత్రంతా కూర్చుని పనిచేసి, మర్నాడు క్లాసులో నిరూపణ చేసి చూపించారు. 1945లో అచ్చయిన ఆ ఫలితాన్నే ఇవాళ ప్రపంచమంతా క్రేమర్-రావు అసమానత పేరుతో చదువుకుంటోంది. 2023లో, 102 ఏళ్ల వయసులో, ఆయనకు స్టాటిస్టిక్స్‌లో అంతర్జాతీయ బహుమతి తెచ్చిన పనుల్లో ఇదొకటి. ప్రశ్న అడిగిన విద్యార్థి వి.ఎం. దండేకర్. భారతదేశంలో పేదరికం లెక్కలకు తర్వాతి కాలంలో పేరుపడ్డ ఆర్థికవేత్త ఆయనే.

ఇక్కడ ఇద్దరినీ చూడండి. తెలియనిది అడిగిన విద్యార్థి ఒకరు, తెలియదని చిన్నబుచ్చుకోకుండా రాత్రంతా మేలుకున్న గురువు మరొకరు. ఆనర్స్ క్లాసు అంటే నా దృష్టిలో ఆ ఇద్దరే. గది, ప్రొజెక్టర్, అటెండెన్స్ అన్నీ వాళ్ల తర్వాత.

6. చెడ్డగా రాయండి, తెలుగులో రాయండి

అంతా చదివేశాక రాద్దామని కూర్చునేవాళ్లు ఎప్పటికీ రాయరు. రెండో వారంలోనే మొదలుపెట్టండి. ఏం కనుక్కోవాలనుకుంటున్నారు, ఇప్పటికి ఏం తెలుసు, ఎక్కడ ఆగిపోయారు, ఈ మూడూ ఒక పేజీలో పెట్టండి. అక్షరదోషాలుండనీండి, వాక్యాలు కుంటనీండి. గైడుకు చూపించండి.

ఆ పేజీ తెలుగులో రాయండి. మీ ఆలోచన తెలుగులో నడుస్తుంటే కలం ఇంగ్లిష్‌లో ఎందుకు తడబడాలి? మన పిల్లలు ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు తమకు తెలిసింది రాయరు, ఇంగ్లిష్‌లో రాయగలిగింది రాస్తారు. అర్థం కానిచోట ఒక పెద్ద మాట వేసి దాటేస్తారు. తెలుగులో ఆ పప్పులుడకవు. ‘ఉష్ణోగ్రత పెరిగితే లోహపు తీగ నిరోధం ఎందుకు పెరుగుతుంది’ అని అమ్మకు చెప్పినట్టు నాలుగు వాక్యాలు రాయబోతే, మూడో వాక్యం దగ్గర మీకు తెలియనిది బయటపడుతుంది. అక్కడే మీ పని ఉంది. సాంకేతిక పదాలు ఇంగ్లిష్‌వే వాడండి, తప్పులేదు. ఆలోచన తేటపడ్డాక ఇంగ్లిష్‌లోకి మార్చడం ఒక వారం పని.

చాట్‌జీపీటీ లాంటివాటిని మొదటి చిత్తుప్రతికి పిలవకండి. అవి ఇచ్చే పేజీ నున్నగా ఉంటుంది. మీ బుర్రలో ఎక్కడ గందరగోళం ఉందో ఆ నునుపులో కనబడదు. వ్యాకరణం దిద్దించుకోవాలంటే ఆఖరున వాడుకోండి, వాడినట్టు గైడుకు చెప్పండి.

7. చెడిపోయిన ప్రయోగాన్ని భద్రంగా దాచండి

మన ల్యాబుల్లో రెండు పుస్తకాలుంటాయి. ఒకటి రఫ్, ఒకటి రికార్డు. రఫ్ చింపి పారేస్తాం, రికార్డు సీనియర్ దగ్గర తెచ్చి దించుతాం. గ్రాఫ్ మీద చుక్కలన్నీ గీత మీదే పడతాయి. నాలుగేళ్లు ఇలా గడిపినవాడికి నిజమైన చుక్కలు గీతకు అటూ ఇటూ చెదిరి ఉంటాయని తెలియకుండానే పట్టా వస్తుంది.

ఆనర్స్ మొదలైన రోజే ఒక బైండు పుస్తకం కొనండి. పేజీలకు వరుసగా అంకెలు వేయండి. ప్రతిరోజూ పైన తేదీ, కింద ఆ రోజు చేసింది, పెన్నుతోనే. తప్పు పడితే ఒక గీత కొట్టండి, చెరపకండి, పేజీ చించకండి. ‘మూడోసారీ రాలేదు. కరెంటు పోయి ఇంక్యుబేటర్ ఆగింది’ అని రాయండి. ఆరు నెలల తర్వాత ఫలితం తేడాగా వస్తే కారణం ఆ వాక్యంలో దొరుకుతుంది. ప్రోగ్రాములు రాసేవాళ్లు కూడా పనిచేయని కోడ్‌ను తేదీతో సహా అట్టేపెట్టండి.

అనుకున్నది రాలేదని రిపోర్టులో రాయడానికి సిగ్గుపడకండి. ఎలా చేశారో, ఎందుకు రాలేదనుకుంటున్నారో వివరంగా రాస్తే మీ తర్వాతి బ్యాచ్ అదే గోతిలో పడదు. అంకెలు సర్దితే మాత్రం మీరు చదివిన చదువంతా అబద్ధమవుతుంది.

8. డబ్బు కట్టి పేపర్ వేయించకండి

‘మూడు రోజుల్లో అచ్చు, సర్టిఫికెట్ ఉచితం’ అని మెయిల్ వస్తుంది. కొన్ని వేలు కడితే మీ పేరు, గైడు పేరు, కొన్నిసార్లు హెచ్‌వోడీ పేరు కూడా కలిపి ఎక్కడో వేస్తారు. ఎవరూ చదవరు, ఎవరూ దిద్దరు. పైచదువుల దరఖాస్తు చూసే ప్రొఫెసర్లు ఆ పత్రిక పేరు చూడగానే గుర్తుపడతారు. లేకపోతే సున్నాగా ఉండేది, ఉండటంవల్ల మచ్చవుతుంది.

ఆ వేలతో ఒక మంచి పాఠ్యపుస్తకం కొనుక్కోండి. లేదంటే మీ పని నలభై పేజీల రిపోర్టుగా శుభ్రంగా రాసి, మీ డేటాతో సహా లైబ్రరీలో పెట్టండి. ఏ ఇంటర్వ్యూలోనైనా ఆ నలభై పేజీల్లో ఏ పేజీ తెరిచి అడిగినా చెప్పగలిగితే చాలు. గైడు చదివి, బయటివాళ్లు విమర్శించి, మీరు మళ్లీ రాసి, అప్పటికీ నిలబడితే మంచి పత్రికకు పంపండి. అలా వెళ్లిన పేపర్ తిరిగొచ్చినా ఫర్వాలేదు. దానితోపాటు వచ్చే రెండు పేజీల విమర్శ ఏ ట్యూషన్‌లోనూ దొరకదు.

9. టాపర్ల బల్ల దగ్గరే కూర్చోకండి

ఆనర్స్ బ్యాచ్ ఏర్పడగానే అందులోనివాళ్లంతా ఒక జట్టవుతారు. క్యాంటీన్‌లో కలిసే, లైబ్రరీలో కలిసే. అందరికీ ఒకే మాటలు తెలుసు కాబట్టి ఎవరూ ఎవర్నీ ‘అంటే ఏమిటి?’ అని అడగరు.

వారానికొకసారి మీ పనిని రెండు సబ్జెక్టులు పోయిన స్నేహితుడికి చెప్పండి. అతను మొహమాటపడడు. ‘దీనివల్ల ఎవరికేం లాభంరా?’ అంటాడు. జవాబు చెప్పలేక తెల్లమొహం వేస్తే, వైవాలో అడగబోయే మొదటి ప్రశ్న మీకు ముందే దొరికినట్టు. అతనికి పోయిన సబ్జెక్టు మీరు కూర్చోబెట్టి చెప్పండి. ఇంకొకరికి చెప్పినప్పుడు గట్టిపడినంతగా ఏ పాఠమూ మరోలా గట్టిపడదు. ల్యాబ్ అటెండరు, లైబ్రేరియను, వర్క్‌షాపులో లేత్ నడిపే ఇన్‌స్ట్రక్టర్ కూడా మీ గురువులే. పరికరం ఎందుకు మొరాయిస్తోందో ప్రొఫెసర్ కంటే ముందు వాళ్లకు తెలుస్తుంది.

10. మిమ్మల్ని ఎరగనివాళ్లతో పరీక్ష పెట్టించుకోండి

వైవాకు తెలిసిన ఎగ్జామినర్ రావాలని అందరూ కోరుకుంటారు. మీరు తెలియనివాళ్లను కోరుకోండి. అమెరికాలో స్వార్త్‌మోర్ కాలేజీ ఆనర్స్‌ను ఇలాగే కట్టింది. ఆక్స్‌ఫర్డ్‌లో చదివి వచ్చిన ఫ్రాంక్ ఐడెలాట్ 1921లో ఆ కాలేజీ అధ్యక్షుడై, మరుసటి ఏడాది ఆనర్స్ మొదలుపెట్టారు. చిన్న చిన్న సెమినార్లలో చదువు, చివర్లో వేరే విశ్వవిద్యాలయాల నుంచి వచ్చిన పండితులు రాత పరీక్ష, మౌఖిక పరీక్ష చేయడం దాని పద్ధతి. ఆ చివరి పరీక్షలకు పాఠం చెప్పినవారు మార్కులు వేయరు. కాబట్టి గురువూ విద్యార్థీ ఒకే పక్షమవుతారు, ఇద్దరూ కలిసి బయటివారి ప్రశ్నకు సిద్ధపడతారు. నూరేళ్లు దాటినా ఆ పద్ధతి అక్కడ నడుస్తూనే ఉంది.

దీని గురించి మీ రెగ్యులేషన్స్ ఏమంటాయో ఒకసారి చూసుకోండి. మీ శాఖవాళ్లను అడిగి పక్క వర్సిటీ నుంచి ఒకరిని ఆన్‌లైన్‌లోనైనా పిలిపించుకోండి. అసలు వైవాకు రెండు నెలల ముందు ఒక ఉత్తుత్తి వైవా పెట్టించుకోండి. గంటసేపు చెమటలు పడతాయి. పట్టనీండి, దిద్దుకోవడానికి ఇంకా రెండు నెలలుంటాయి.

11. అవసరమైతే మానేయండి

మొదలుపెట్టినది పూర్తి చేయాలనే పట్టుదల మంచిదే. నిద్ర పోయి, తిండి పోయి, పొద్దున్నే లేవబుద్ధి కాని స్థితిలో మాత్రం ఆ మాట పట్టుకోకండి. చాలా వర్సిటీల్లో ఆనర్స్ మధ్యలో వదిలేసినా మామూలు బీటెక్ పట్టాకు ఢోకా ఉండదు. చేరేటప్పుడే రెగ్యులేషన్స్‌లో ఆ పేజీ చదివిపెట్టుకోండి. చదివిన అదనపు కోర్సులు మార్కుల జాబితాలో ఎలా చూపిస్తారో కూడా అక్కడే ఉంటుంది.

‘క్లాస్ ఫస్ట్ మానేసిందట’ అని నలుగురూ అనుకుంటారేమోనన్నది అసలు భయం. ఆ నలుగురూ వారంలో మరిచిపోతారు. మనసు బాగోకపోతే గైడుకు చెప్పండి, ఇంట్లో చెప్పండి. ఎవరికీ చెప్పలేకపోతే ప్రభుత్వం నడిపే టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. బాగా చదివే పిల్లలకు సాయం అవసరం ఉండదనుకోవడం మనందరి పొరపాటు. అడగడం అలవాటు లేనివాళ్లు వాళ్లే.

తల్లిదండ్రులకు, అధ్యాపకులకు ఒక మాట

అమ్మానాన్నలూ, మీ బిడ్డ ఆనర్స్‌లో ఉంటే ఫోన్‌లో ‘మార్కులెన్ని, ప్యాకేజీ ఎంత’ అనే ముందు ‘ఏం కనుక్కుంటున్నావు?’ అని అడగండి. అర్థం కాకపోయినా ఐదు నిమిషాలు వినండి. మీకు అర్థమయ్యేలా చెప్పబోయి వాళ్లే సగం తేల్చుకుంటారు.

అధ్యాపకులకు నా విన్నపం: ఆనర్స్ విద్యార్థుల్ని న్యాక్ ఫైళ్లు సర్దడానికి, కాలేజీ ఫెస్ట్ కౌంటర్లలో కూర్చోబెట్టడానికి వాడుకోకండి. వాళ్లు ఇచ్చిన రెండు పేజీలు వారంలోపు చదివి, పెన్సిల్ గీతలతో తిరిగివ్వండి. అంతకంటే మనం చేయగలిగిన మేలు లేదు.

విద్యార్థులకు చివరిగా చెప్పేది ఇదే. ఈ పదకొండింట్లో ఒక్కటే పాటించే ఓపిక ఉంటే రెండోది పాటించండి. వచ్చే సెమిస్టర్ కోర్సుల జాబితా తీసి, చూడగానే భయం వేసిన కోర్సుకు టిక్కు పెట్టండి. మార్కులు తగ్గితే తగ్గనీండి.